ఇసుక అందని శివారు తీరం

కాలువ శివారు రైతు కష్టం మన సంఘంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. పైన ఎవరో అడ్డుకట్ట వేస్తారు, తూము మూస్తారు, మోటారు పెట్టి తోడుకుంటారు. కింద పొలం ఎండుతుంది. ఎండిన పొలానికి ఎంత గట్టు పోసినా నీరు రాదు. పైన ఉన్న అడ్డు తీస్తేనే వస్తుంది.

సముద్రపు కోత గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ శివారు పొలమే గుర్తొస్తుంది. కాకినాడ పక్కన ఉన్న ఉప్పాడ అలాంటి శివారు గ్రామం. దానికి అందకుండా పోయింది ఇసుక. ఆ ఇసుక ఎక్కడో పైన ఆగిపోయింది. మనం మాత్రం ఏళ్ల తరబడి గట్టు ఎత్తు పెంచుతూనే ఉన్నాం.

ఉప్పాడ పేరు చెబితే జాందానీ చీరలు గుర్తొస్తాయి. ఆ తర్వాత గుర్తొచ్చేది కోత. తుపాను వచ్చిన ప్రతిసారీ కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు మీదికి అలలు ఎగబడతాయి. రక్షణగా పేర్చిన బండలే రోడ్డు మీద పడి ఉంటాయి. ఇళ్లు పోయాయి, గుళ్లు పోయాయి, కొబ్బరి చెట్లు పోయాయి. రాళ్లు వేశారు, కొట్టుకుపోయాయి. ఇసుక నింపిన పెద్ద జియో ట్యూబులతో గోడ కట్టారు, అదీ చినిగి కుంగింది. మళ్లీ రాళ్లు వేశారు. ఇప్పుడు మరింత పెద్ద గోడ కావాలని అడుగుతున్నాం. ఇల్లు పోతున్నవాడు గోడ అడగడంలో తప్పు లేదు. కానీ రైతు సంఘంగా మనం ఇంకో ప్రశ్న కూడా అడగాలి: ఇక్కడికి రావాల్సిన ఇసుక ఏమైంది?

ఇసుకకూ ఒక కాలువ ఉంది

ఒడ్డున ఉన్న ఇసుక కదలకుండా పడి ఉంటుందని అనుకుంటాం. నిజానికి అది నడుస్తూ ఉంటుంది. మన తీరంలో నైరుతి గాలులు వీచే నెలలన్నీ అలలు ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. తాకిన ప్రతిసారీ కొంత ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత వెనక్కి, దక్షిణానికి వస్తుంది. ఏడాది మొత్తం లెక్క వేస్తే నికరంగా మిగిలేది ఉత్తరం వైపు నడకే. అంటే ఒడ్డు వెంబడి ఒక ఇసుక కాలువ పారుతోందన్నమాట. దాని హెడ్ రెగ్యులేటర్లు నదీ ముఖాలు. గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుకే ఈ కాలువకు నీరు. ఒక ఊరి ముందు నుంచి ఎంత ఇసుక వెళ్లిపోతుందో అంత దక్షిణం నుంచి వచ్చి చేరితే ఒడ్డు నిలబడుతుంది. రాక తగ్గితే ఆ లోటును సముద్రం ఊరి భూమి నుంచే కోసి తీసుకుంటుంది. కోత అంటే ఇదే.

ఉప్పాడకు ఇసుక రాక తగ్గడానికి కారణాలు ఒకటి కంటే ఎక్కువ. గోదావరి ఇసుక ఉత్తరానికి సాగి సాగి కాకినాడ ముందు పొడవైన ఇసుక తిన్నెగా ఏర్పడింది. దాన్నే హోప్ ఐలాండ్ అంటున్నాం. అది ప్రకృతి చేసిన పని. కాకినాడ పట్టణాన్నీ, కోరింగ మడ అడవినీ తుపాను అలల నుంచి కాచేది ఆ తిన్నే. కానీ దానికి ఉత్తరాన ఉన్న ఉప్పాడకు చేరాల్సిన ఇసుక చాలావరకు అక్కడే నిలిచిపోతోంది. దానికి తోడు ఓడరేవు కోసం కట్టిన రాతి కట్టలు, ఓడల దారి కోసం చేసే డ్రెడ్జింగ్ ఇసుక కాలువకు అడ్డంగా వచ్చాయి. ఇవన్నీ ఒక ఎత్తయితే, అసలు తలకాలువలోనే నీరు తగ్గిపోవడం మరో ఎత్తు.

ఆ లెక్క చూడండి. 1970వ దశకంలో గోదావరి ధవళేశ్వరం దగ్గర ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చేది. 2000 తర్వాతి సంవత్సరాలకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. కృష్ణ పరిస్థితి ఇంకా దారుణం. 1960వ దశకం చివర్లో ఏటా 90 లక్షల టన్నులు వచ్చిన చోట 2000-2005 నాటికి 4 లక్షల టన్నులకు దిగింది. 1976 నుంచి 2001 వరకు పాతికేళ్లలో గోదావరి డెల్టా అంచున నికరంగా 18 చదరపు కిలోమీటర్లకు పైగా భూమి సముద్రంలో కలిసింది. ఎకరాల్లో చెప్పుకుంటే నాలుగున్నర వేలు. దేశం మొత్తం చూసినా అంతే. 1990 నుంచి 2018 వరకు జాతీయ తీర పరిశోధన కేంద్రం చేసిన పరిశీలనలో తీరంలో 33.6 శాతం కోతకు గురవుతోందని తేలింది. మన రాష్ట్రంలో అది పావు వంతుకు పైనే.

మరి ఆ ఒండ్రంతా ఎక్కడికి పోయింది? చాలావరకు మన జలాశయాల అడుగున ఉంది. శ్రీశైలం కట్టినప్పుడు నిల్వ సామర్థ్యం 308 టీఎంసీలు. పూడిక వల్ల అది 215 టీఎంసీల దాకా పడిపోయింది. నాగార్జునసాగర్ 408 నుంచి 312కు తగ్గింది. రాయలసీమ రైతుకు, తెలంగాణ రైతుకు, సాగర్ ఆయకట్టు రైతుకు నీరు తగ్గించిన పూడికా, దివిసీమ రైతుకు ఒడ్డు తగ్గించిన కొరతా ఒకటే మట్టి. పైనున్న వాళ్లకు ఎక్కువై నష్టం, కిందున్న వాళ్లకు అందక నష్టం. ప్రాంతాల మధ్య తగవు పెట్టే నీళ్ల రాజకీయంలో ఈ ఒక్క విషయంలోనైనా మన ప్రయోజనం ఒకటేనని గుర్తించాలి. డ్యాములు వద్దని ఎవరూ అనడం లేదు. కట్టేటప్పుడు నీటి లెక్క వేసినట్టే ఒండ్రు లెక్క కూడా వేయమంటున్నాం.

గోడ ఏం చేస్తుంది, ఏం చేయదు

రాతిగోడ వెనక ఉన్న ఇంటిని, రోడ్డును కొంతకాలం కాపాడుతుంది. ఆ మేరకు దానికి విలువ ఉంది. కానీ అది ఒక్క గంప ఇసుక కూడా తెచ్చి పెట్టదు. ఇసుక ఒడ్డు మీద అల పాకి, బలం కోల్పోయి వెనక్కి పోతుంది. గోడకు కొట్టుకున్న అల అదే బలంతో వెనక్కి తిరిగి గోడ పాదం దగ్గర ఇసుకను లాక్కుపోతుంది. కొన్నాళ్లకు గోడ ముందు ఒడ్డే ఉండదు. పడవ ఎక్కించుకోవడానికి, వల ఆరబెట్టుకోవడానికి మత్స్యకారుడికి చోటు ఉండదు. పాదం కింద ఇసుక పోయాక గోడ కుంగుతుంది. గోడ ముగిసిన చోట, దానికి ఉత్తరాన ఉన్న ఊరికి కోత మొదలవుతుంది. ఆ ఊరు తనకూ గోడ కావాలంటుంది. కాంట్రాక్టు పొడుగవుతుంది, తీరం మాత్రం నిలవదు.

పుదుచ్చేరిలో జరిగింది ఇదే. 1980వ దశకం చివర్లో అక్కడ ఓడరేవు కోసం సముద్రంలోకి రాతి కట్టలు వేశారు. దక్షిణాన ఇసుక మేట వేసింది. ఉత్తరాన పట్టణం ముందున్న ఇసుక ఒడ్డు మాయమైంది. గోడ కట్టారు. కోత ఇంకా ఉత్తరాన ఉన్న మత్స్యకార గ్రామాల మీదికి, పక్కనున్న తమిళనాడు పల్లెల మీదికి జరిగింది. చివరికి 2018లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటి అడుగున ఒక దిబ్బ లాంటి కట్టడం పెట్టి, ఇసుక పోసి, పట్టణం ముందు కొంత ఒడ్డును తిరిగి తెచ్చింది.

అంత దూరం పోనక్కర్లేదు, మన విశాఖపట్నం చూడండి. 1970వ దశకంలో ఔటర్ హార్బర్ కట్టినప్పుడు అక్కడా ఇసుక నడకకు అడ్డు వచ్చింది. అందుకే ఓడరేవు దగ్గర మేట వేసిన ఇసుకను డ్రెడ్జర్లతో తీసి, గొట్టాల ద్వారా ఆర్.కె. బీచ్ వైపు పోసే పద్ధతి పెట్టారు. పోసిన ఏడాది బీచ్ నిలుస్తుంది, పోయని ఏడాది తగ్గుతుంది. అడ్డు దగ్గర ఆగిన ఇసుకను ఎత్తి అవతల వేయడమంటే, శివారుకు వంతు నీరు వదలడం లాంటిదే. కాబట్టి ఎలా చేయాలో తెలియక ఉప్పాడ ఇలా అయిందని ఎవరూ అనలేరు. పట్టణంలో షికారుకు వచ్చేవాళ్ల బీచ్‌కు దక్కిన ఇసుక, చేనేత కార్మికుడు, మత్స్యకారుడు, కొబ్బరి రైతు బతికే ఒడ్డుకు ఎందుకు దక్కదన్నదే ప్రశ్న.

ఏ నేలకు ఏ కంచె

ప్రకృతి పద్ధతులు అనగానే ఎక్కడపడితే అక్కడ మొక్కలు నాటి ఫొటో దిగడం అలవాటైంది. వరి వేసే చేలో వేరుశనగ వేయం కదా. తీరంలోనూ అంతే. నేలను బట్టి కంచె.

మొదటిది బురద తీరం. నదీ ముఖాలు, ఉప్పుటేర్లు, పాయలు ఉన్న చోట. కోరింగ, నాగాయలంక, కోడూరు వైపు చూస్తే తెలుస్తుంది. ఇక్కడ మడ అడవికి మించిన గోడ లేదు. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల, ఉప్పు పొన్న వేళ్లు బురదను పట్టుకుంటాయి, ఆటుపోట్లతో వచ్చే ఒండ్రును ఆపి నేలను పెంచుతాయి. వంద మీటర్ల వెడల్పున మడ ఉంటే అల ఎత్తు 13 నుంచి 66 శాతం దాకా తగ్గుతుందని వివిధ దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. 1999 అక్టోబరులో ఒడిశాను సూపర్ సైక్లోన్ ముంచినప్పుడు కేంద్రపడా జిల్లాలో 400కు పైగా గ్రామాల లెక్కలు తర్వాత పరిశీలించారు. సముద్రానికీ ఊరికీ మధ్య వెడల్పాటి మడ అడవి ఉన్న ఊళ్లలో మరణాలు తక్కువ. 1977 నవంబరు 19 రాత్రిని చూసిన దివిసీమకు ఈ లెక్క విలువ వేరే చెప్పాలా?

మడ నాటడంలోనూ ఒక కిటుకు ఉంది. అడవి నరికేసిన చోట నేల ఎండి కుంగుతుంది. గుంటలో ఉప్పునీరు నిలిచి ఆవిరై, ఉప్పు ఇంకా పేరుకుంటుంది. అక్కడ నాటిన మొక్క బతకదు. అందుకే ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ తమిళనాడులోని పిచ్చావరంలోనూ, తర్వాత మన కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ ముందు కాలువలు తవ్వించింది. మధ్యలో ఒక పెద్ద కాలువ, దాని నుంచి ఏటవాలుగా చిన్న కాలువలు, చూడటానికి చేప ముల్లులా ఉంటాయి. పోటు నీరు వాటి గుండా వచ్చిపోతూ ఉప్పు కడిగేస్తుంది. ఆ కాలువ గట్ల వెంట మడ బతికింది. ఈ పని స్థానిక గ్రామాల వాళ్లే చేశారు. చేలో చవుడు కడగడానికి మనం చేసే పనికీ దీనికీ తేడా ఏముంది? రైతుకు చేతనైన విద్యే ఇది.

రెండోది ఇసుక తీరం. అలలు నేరుగా తాకే ఒడ్డున మడ నిలవదు. నాటితే డబ్బు దండగ. ఇక్కడ కాపలాదారు ఇసుక దిబ్బ. తుపాను వేళ దిబ్బ కొంత కరిగి అలకు ఇసుక ఇస్తుంది, తర్వాత గాలి ఆ ఇసుకను తిరిగి పోగు చేస్తుంది. దిబ్బ అంటే ఒడ్డు దాచుకున్న విత్తనపు గాదె. దాన్ని పట్టి ఉంచేవి బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు అని మనం పిలిచే ముళ్ల గడ్డి, మొగలి పొదలు. వాటి వెనక తాటి, జీడిమామిడి. ఇంకా వెనక్కి సరుగుడు. సరుగుడు గాలిని ఆపుతుంది, కలపకు అమ్ముడుపోతుంది, కానీ దాన్ని తెచ్చి అలల అంచున నాటితే దిబ్బను పట్టే తీగ, గడ్డి దాని నీడలో చచ్చిపోతాయి. సముద్రపు తాబేలు గుడ్లు పెట్టే చోటూ పోతుంది. ఏ వరసలో ఏది అన్నది ముఖ్యం.

దిబ్బకు ఇంకో విలువ ఉంది. బాపట్ల నుంచి నెల్లూరు దాకా తీరపు ఇసుక నేలల్లో సేద్యం చేసే రైతులకు అది బాగా తెలుసు. ఆ నేలల్లో దొరువు తవ్వితే తీపి నీరు పడుతుంది. అడుగున ఉప్పునీరు, దాని మీద వాన నీరు తేలుతూ పలచని పొరలా ఉంటుంది. ఆ పొరను నిలిపేది ఇసుక మెరకే. మెరక తవ్వి లారీలకు ఎత్తాక దొరువు ఉప్పగా మారుతుంది. వేరుశనగ మడికి, కూరగాయల మడికి, పశువుకు నీళ్లు పోతాయి. కోత గురించి మాట్లాడేటప్పుడు అందరూ అలలనే చూస్తారు, ఈ నేల కింద జరిగే కోతను చూడరు.

మూడోది ఏటి గట్టు. గోదావరి లంకల్లో ఏటేటా తోటలు నదిలో జారిపోవడం చూస్తున్నాం. ఇక్కడ వట్టివేరు, రెల్లు, వెదురు వేళ్లు గట్టును పట్టగలవు. గట్టు పాదం దగ్గర వెదురు, పుల్లలతో అల్లిన దడి వేస్తే దాని వెనక ఒండ్రు చేరి మొక్కకు నేల దొరుకుతుంది. అయితే ఒక షరతు. గట్టు పాదం కింద యంత్రాలతో ఇసుక తవ్వుతుంటే ఏ వేరూ ఆపలేదు. కింద పునాది తీసేసి పైన చెట్టు నాటడం మోసం.

కొన్ని చోట్ల ఇవి కలపాలి. కృష్ణా డెల్టాలో ఉప్పునీటి కరకట్ట ఉన్న చోట కట్ట ముందు మడ వరస ఉంటే అల కట్టను నేరుగా కొట్టదు, మరమ్మతు ఖర్చు తగ్గుతుంది. కట్ట ఒక్కటీ ఉంటే గండి పడుతుంది, మడ ఒక్కటీ ఉంటే పోటు నీరు పొలాల్లోకి వస్తుంది. రెండూ ఉంటే ఒకదానికొకటి అండ. ఇక ఇప్పటికే ఇళ్ల గడప దాకా అల వచ్చిన ఉప్పాడ లాంటి చోట్ల మొక్కల మాట చెప్పి తప్పించుకోకూడదు. అక్కడ ఇంటికి రాళ్ల రక్షణ ఇప్పుడే కావాలి. దాంతో పాటే ఏటా ఇసుక పోయాలి. ఇసుక పోస్తేనే రాయి నిలుస్తుంది.

మన తప్పు మనం ఒప్పుకోవాలి

ఈ వ్యాసంలో ప్రభుత్వాలను అడగాల్సింది చాలా ఉంది. అడిగే ముందు మన ఇల్లు చక్కబెట్టుకోవాలి. మడ నరికిన చేతుల్లో మన చేతులూ ఉన్నాయి. రొయ్య ధర బాగున్న రోజుల్లో చెరువు గట్టు ఏడాదికి నాలుగు గజాలు మడలోకి జరపడం మనకు తెలియంది కాదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో రొయ్యల పరిశ్రమను నిషేధిస్తూ తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి దాన్ని రిజిస్ట్రేషన్ల వ్యవహారంగా మార్చారు. చట్టం ఏం చెప్పినా, మడ పోయిన చోట పక్క వరి చేలోకి ఉప్పు ఊట వస్తుందని, చెరువు రైతుకూ వరి రైతుకూ తగవులు వస్తున్నాయని మన సంఘం సమావేశాల్లో విన్నాం.

చిన్న రైతును ఒక్కడినే నిందించలేం. ఉప్పెక్కిన ఎకరంలో వరి గిట్టుబాటు కాక, కౌలుకిస్తే వచ్చే డబ్బు చూసి చెరువుకు ఇచ్చాడు. దిబ్బ ఇసుక అమ్మినవాడు కూడా అప్పు తీర్చుకోవడానికే అమ్మి ఉంటాడు. పెద్ద ఎత్తున నష్టం చేసింది పెద్దవాళ్లే. 2020లో కాకినాడ పక్కనే ఇళ్ల స్థలాల పేరుతో మడ అడవి నరికిన వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. పేదలకు ఇల్లు కావాలి, నిజమే. తుపాను వస్తే ముందు మునిగే చోట, రక్షణగా ఉన్న అడవిని తీసి ఇల్లు ఇవ్వడం పేదవాడికి చేసిన మేలు కాదు. ఇవన్నీ నిజమైనా, సంఘం సభ్యుడు ఇకమీదట మడలోకి గట్టు జరపకూడదని, దిబ్బ ఇసుక అమ్మకూడదని మనం తీర్మానం చేసుకోకపోతే బయటివాళ్లను అడిగే నైతిక బలం ఉండదు.

కొందరు మిత్రులు ఇంకో అనుమానం అడుగుతారు. మడ పెంచితే ఆ నేల అటవీశాఖ చేతిలోకి పోదా, మన పశువులను, మత్స్యకారుడి వలను లోపలికి రానిస్తారా అని. ఇది న్యాయమైన భయం. పీతలు, రొయ్య పిల్ల, చేపలు పెరిగేది మడలోనే. ఎండుగడ్డి కరువైనప్పుడు మడ ఆకు పశువుకు మేతయింది. నాటింది గ్రామం, కాపాడింది గ్రామం అయితే అనుభవించే హక్కు కూడా గ్రామానికే రాసి ఇవ్వాలి. హక్కు లేని కాపలా ఎక్కువ రోజులు నిలవదు.

మనం అడగాల్సినవి

నా దృష్టిలో జిల్లా మహాసభల ముందు చర్చకు పెట్టాల్సిన డిమాండ్లు ఇవి.

ఒకటి. ఓడరేవులు, ఫిషింగ్ హార్బర్లు కట్టిన చోటల్లా అడ్డుపడిన ఇసుకను ఏటా ఉత్తరపు ఒడ్డుకు చేర్చే బాధ్యత ఆ రేవు యాజమాన్యానిదే అని అనుమతి పత్రంలోనే రాయాలి. డ్రెడ్జింగ్‌లో తీసిన ఇసుక నాణ్యమైనదైతే దాన్ని లోతు సముద్రంలో పారబోయకుండా కోతకు గురవుతున్న ఒడ్డుకు పోయాలి. ఖర్చు రేవు ఆదాయం నుంచి రావాలి.

రెండు. జలాశయాల పూడికను కిందికి వదిలే ప్రణాళిక కావాలి. వరద కాలంలో ఏ గేట్లు, ఏ స్లూయిజులు ఎప్పుడు తెరిస్తే ఎంత ఒండ్రు కిందికి పోతుందో లెక్కగట్టి ప్రకటించాలి. పోలవరం పూర్తి కాకముందే గోదావరి డెల్టాకు ఒండ్రు వాటా ఎంతో తేల్చాలి.

మూడు. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో మడ అడవుల కోసం మిష్టి పథకాన్ని ప్రకటించారు. ఉపాధి హామీ, అటవీ పరిహార నిధులు కలిపి ఖర్చు చేస్తామన్నారు. ఆ డబ్బు కాంట్రాక్టర్ల నర్సరీలకు పోకుండా తీర గ్రామాల కూలీలకు కాలువలు తవ్వే పనిగా, మూడేళ్లు మొక్కను కాచే పనిగా రావాలి. నాటిన మొక్కల లెక్క మాకు అక్కర్లేదు. మూడో ఏడు బతికి ఉన్న మొక్కల లెక్క గ్రామసభలో చెప్పాలి.

నాలుగు. కోతకు పోయిన భూమికి పరిహారం. కేంద్రం నిర్ణయించిన విపత్తు సహాయ నిబంధనల్లో కొండచరియలు, మంచు చరియలు, నది దారి మారడం వల్ల భూమి పోతే చిన్న, సన్నకారు రైతుకు హెక్టారుకు 47,000 రూపాయలు ఇవ్వొచ్చని ఉంది. అంటే ఎకరానికి 19,000. భూమి శాశ్వతంగా పోయినవాడికి అది ఏ మూలకు? పైగా ఆ వరసలో సముద్రపు కోత మాటే లేదు. దాన్ని చేర్చాలి, మొత్తాన్ని భూమి విలువకు తగ్గట్టు పెంచాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి కోత నివారణకు 1,500 కోట్లు, కోత వల్ల నిర్వాసితులైన వారి పునరావాసానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి సిఫారసు చేసింది. అందులో మన తీర గ్రామాలకు ఎంత చేరిందో రాష్ట్ర ప్రభుత్వం శ్వేతపత్రం ఇవ్వాలి.

ఐదు. ఇసుక దిబ్బల సరిహద్దులు రెవెన్యూ పటాల్లో గుర్తించి తవ్వకాలు పూర్తిగా ఆపాలి. ఏటి గట్టు పాదాల దగ్గరా అంతే.

ఈ నెలలో మొదలుపెట్టే పని

డిమాండ్లు పంపి ఊరుకుంటే అవి ఫైళ్లలో పూడిక అవుతాయి. మన దగ్గర ఆధారం ఉండాలి. తీరం ఉన్న ప్రతి గ్రామ శాఖ ఒక పని చేయాలని నా మనవి. ఊళ్లో డెబ్బై దాటిన వాళ్లను ఇద్దరు ముగ్గురిని ఒడ్డుకు తీసుకెళ్లండి. వాళ్ల చిన్నతనంలో నీరు ఎక్కడ ఉండేదో, దిబ్బ ఎక్కడ ఉండేదో, ఏ బావి, ఏ గుడి, ఏ తోట సముద్రంలో కలిసిందో రాసుకోండి. పాత అడంగల్‌లో ఉండి ఇప్పుడు నీటిలో ఉన్న సర్వే నంబర్లు రాసుకోండి. ఒక కరెంటు స్తంభం నుంచో, గట్టి కట్టడం నుంచో ఒడ్డు అంచు దాకా టేపుతో కొలిచి, తేదీ వేసి పుస్తకంలో రాయండి. వానాకాలం ముందు ఒకసారి, ఈశాన్య గాలులు తగ్గాక ఒకసారి, ఏడాదికి రెండుసార్లు అదే చోట కొలవండి. మూడేళ్లు తిరిగేసరికి ఆ పుస్తకాన్ని ఏ అధికారీ తీసిపారేయలేడు.

పొలం గట్టు తగవు వస్తే మనం గొలుసు పట్టుకుని కొలతకు దిగుతాం. ఇక్కడ పోతున్నది ఊరి గట్టు. కొలత ఈ నెలే మొదలుపెట్టండి. కొలతలు వచ్చే జిల్లా సమావేశానికి తీసుకురండి.